వాన చప్పుడుకు ఓటీపీతో పనేమిటి?

ప్రశ్న: పడుకునే ముందు వాన చప్పుడు వినిపించే యాప్ ఒకటి వేసుకున్నాను. బంధువుల వాట్సాప్ గ్రూపులో ఎవరో పంపిన ఫైలు. రాత్రంతా ఆగకుండా మోగాలంటే యాక్సెసబిలిటీ అనుమతి కావాలంటోంది. ఇవ్వవచ్చా? తొమ్మిదింటికే తెరను పసుపు రంగుకు మార్చుకుంటున్నా ఒంటి గంట దాకా నిద్ర రావడం లేదు. – ఒక ఉపాధ్యాయిని, కడప

ఇవ్వకండి. ఈ ఉత్తరం చదవడం పూర్తయ్యేలోపే ఆ యాప్‌ను తీసేయండి.

ఈ నెలలో ఇలాంటి ప్రశ్న రావడం ఇది నాలుగోసారి. ఒకరికి వాన, ఒకరికి సముద్రం, ఇంకొకరికి వేణువు. అడిగే అనుమతి మాత్రం అందరినీ ఒకటే. యాక్సెసబిలిటీ అన్నది చూపు లేనివారు, చేతులు స్వాధీనంలో లేనివారు ఫోను వాడుకోగలగాలని పెట్టిన సదుపాయం. తెర మీద ఉన్నది చదవాలి, వారి తరఫున మీటలు నొక్కాలి కాబట్టి దానికి ఆ రెండు అధికారాలూ ఉంటాయి. వాన చప్పుడుకు ఈ రెండింటితో పనేమిటి? మీ బ్యాంకు యాప్ తెరిచినప్పుడు చదవడానికీ, మీ బదులు నొక్కడానికీ తప్ప!

తప్పంతా మీదేనని అనను. వెనకాల నడిచే యాప్‌ల గొంతు అర్ధరాత్రి నులిమేసి, బ్యాటరీ మిగిల్చామని చెప్పుకునే ఫోన్లు చాలా ఉన్నాయి. నిజాయితీగల యాప్ కూడా గంటకే మూగబోతుంది. దానికి మందు సెట్టింగ్స్‌లో ఆ యాప్‌కు బ్యాటరీ పొదుపు నుంచి మినహాయింపు ఇవ్వడం. ఆ ముక్క తయారీదారులు తెర మీద స్పష్టంగా చెప్పరు. ఆ ఖాళీలోకే దొంగలు దూరుతున్నారు.

నన్ను ఇంతకంటే భయపెట్టేది నోటిఫికేషన్లు చదివే అనుమతి. నోటిఫికేషన్ పంపడం వేరు, వచ్చినవి చదవడం వేరు. పాట మోగుతోందని పైన చిన్న గుర్తు చూపడానికి మొదటిది చాలు. రెండోది ఇస్తే రాత్రి రెండింటికి వచ్చిన ఓటీపీని ఆ యాప్ చదవగలదు, మీరు చూడకుండా ఆ నోటిఫికేషన్‌ను తుడిచేయనూ గలదు. మీరు గాఢనిద్రలో ఉండే వేళ దానికి ఎలా తెలుసంటారా? పడుకునే సమయం పదిన్నర అని నమోదు చేసింది మీరే కదా.

ఆండ్రాయిడ్ 13 వచ్చాక, స్టోర్ బయటి నుంచి ఫైలుగా వేసుకున్న యాప్‌లకు ఈ అనుమతులు ఇవ్వబోతే ఫోను అడ్డుపడుతోంది. మంచి తాళమే. అయితే యాప్ సమాచారం పేజీలో పై మూలన మూడు చుక్కలు నొక్కితే తెరుచుకుంటుంది. పోయిన ఆదివారం కర్నూలులో ఒక కిరాణా వ్యాపారి తన ఫోను తెచ్చి నా ముందు పెట్టారు. కవరుకు పసుపు, తెరకు అడ్డంగా గీత, లోపల 'నిద్ర సంగీతం'. ఫైలుతోపాటే వచ్చిన వీడియో చూసి ఆ మూడు చుక్కలు తనే నొక్కానన్నారు. నేను సెట్టింగ్స్ మూడుసార్లు తెరిస్తే మూడుసార్లూ తెర తనంతట తానే వెనక్కి పోయింది. మనం వేసుకున్న యాప్‌లు నడవని సేఫ్ మోడ్‌లో ఫోను తిరిగి ఆన్ చేసి, ఆ యాప్‌కు ఫోను మీద పెత్తనమిచ్చిన అడ్మిన్ హక్కు తీసేశాకగానీ అది వదలలేదు. బ్యాంకు యాప్ ఆయన కొడుకు ఫోనులో ఉంది కాబట్టి సరిపోయింది.

మీరు ఇప్పటికే అనుమతి ఇచ్చి ఉంటే ముందు ఫ్లైట్ మోడ్ పెట్టండి, వైఫై కూడా ఆపండి. బ్యాంకు పాస్‌వర్డ్, పిన్ మరో ఫోను నుంచి మార్చండి. డబ్బు పోయిందని తెలిస్తే తెల్లవారేదాకా ఆగకుండా సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేయండి.

ఇక పసుపు తెర. కంటి వెనక పొరలో కొన్ని కణాలు నీలి కాంతికి, అందులోనూ 480 నానోమీటర్ల దగ్గరి కాంతికి బాగా స్పందించి ఇంకా పగలేనని మెదడుకు కబురు పంపుతాయి. నిద్రకు సిద్ధం చేసే మెలటోనిన్ అప్పుడు తగ్గుతుంది. తెర పసుపైతే నీలం తగ్గుతుంది, నిజమే. కానీ వెలుగు పూర్తిగా పెట్టుకుని, ఆ పసుపు తెర మీదే పొరుగింటి గొడవల వీడియోలు ఒకదాని వెనక ఒకటి చూస్తుంటే మెదడు ఎందుకు పడుకుంటుంది? ఒక చేత్తో పసుపు మీట, ఇంకో చేత్తో ఆగకుండా దానంతట అదే మొదలయ్యే తర్వాతి వీడియో ఇచ్చే ఈ పరిశ్రమను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. పాత టీవీ రిమోట్ మీద స్లీప్ అని ఒక మీట ఉండేది. ముప్పై నిమిషాలకు టీవీ ఆగిపోయేది, నోరు మూసుకునేది. వీడియో యాప్‌లలో అలాంటిది మూడు పేజీల లోపల దాక్కుని ఉంటుంది.

మీకు చప్పుడే కావాలంటే ఫ్యాన్ ఉంది. అది ఏ అనుమతీ అడగదు. శరీరం లోపలి వేడి కాస్త తగ్గితేనే నిద్ర వస్తుంది. మే నెలలో కడప మిద్దె మీద రాత్రి తొమ్మిదికి కూడా బండలు కాళ్లకు వేడిగా తగులుతుంటాయి. పొద్దు వాలగానే రెండు బకెట్ల నీళ్లు చల్లి, మంచం వేసుకుని, ఫోను కింద హాల్లో ఛార్జింగ్‌కు వదిలేయండి. దిండు కింద మాత్రం వద్దు, ఛార్జింగ్‌లో ఉన్న బ్యాటరీకి గాలి ఆడాలి. ఊళ్లో అమ్మకు అర్ధరాత్రి ఏదైనా అయితే ఎలా అంటారా? డు నాట్ డిస్టర్బ్‌లో స్టార్ గుర్తు పెట్టినవారి కాల్స్‌కు మాత్రం దారి వదలండి, రింగు శబ్దం పూర్తిగా పెంచండి. ఉదయం లేవడానికి బజారులో దొరికే అలారం గడియారం కొనుక్కోండి.

ప్రశ్న: చేతి గడియారం నా నిద్రకు 61 మార్కులు వేస్తోంది. హాయిగా నిద్రపోయిన రోజు కూడా ఇంతే. దిగులుతో ఇప్పుడు నిజంగానే నిద్ర పట్టడం లేదు. – బ్యాంకు ఉద్యోగి, అనంతపురం

ఈ దిగులుకు 2017లోనే అమెరికా పరిశోధకులు ఆర్థోసోమ్నియా అని పేరు పెట్టారు. మీ గడియారం మెదడును చూడలేదు. చేయి కదలిక, గుండె వేగం చూసి లెక్క వేస్తుంది. కదలకుండా మేలుకుని ఉన్నా నిద్రే అనుకోగలదు. ఒక నెల దాన్ని బీరువాలో పెట్టండి. గురక మధ్యలో మీ ఊపిరి ఆగుతోందని ఇంట్లోవాళ్లు అంటున్నా, బండి నడుపుతుంటే కునుకు వస్తున్నా డాక్టర్‌ను కలవండి. ఆ 61 ఆయనకు చూపించనక్కరలేదు.