లద్దె పురుగు, కత్తెర పురుగు ఒకటేనా?

ప్రశ్న: మా మొక్కజొన్న సుడిలో ఉన్నది కత్తెర పురుగని ఏఈఓ (వ్యవసాయ విస్తరణ అధికారి) గారు చెప్పారు. లింగాకర్షక బుట్టల కోసం వెళ్తే షాపాయన పొగాకు లద్దె పురుగు ల్యూర్లు (బుట్టలో పెట్టే వాసన ఎరలు) చేతిలో పెట్టి, "రెండూ స్పోడోప్టెరానేనమ్మా, ఏదైనా పర్లేదు" అన్నాడు. మా నాన్నగారి పాత పుస్తకంలో లద్దె పురుగుకి ప్రొడీనియా అని ఉంది. ఇవన్నీ ఒకటేనా?
- ఒక మహిళా రైతు, కరీంనగర్ జిల్లా

జవాబు: ఆ ల్యూర్లు వెనక్కిచ్చేయండమ్మా. రెండూ స్పోడోప్టెరా ప్రజాతివే, అంటే దగ్గరి జాతుల ఒకే గుంపువే, అంతవరకు ఆయన మాట నిజం. కానీ మగపురుగుల్ని పిలిచే వాసన ఏ జాతికా జాతికి వేరు. లద్దె పురుగు ల్యూర్ పెడితే వచ్చేవి లద్దె పురుగు మగవే. మీ సుడిలో ఉన్నదాని ఉధృతి ఎంతో దాంతో తెలియదు.

గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. కాస్త ఎదిగిన పురుగును సుడిలోంచి తీసి వెలుతురులో చూడండి. నుదుటి మీద తిరగేసిన 'వై' అక్షరం తెల్లగా కనిపిస్తుంది. తోక దగ్గర, చివరి నుంచి రెండో కణుపు మీద, నాలుగు నల్లచుక్కలు నాలుగు మూలలా పెట్టినట్టు ఉంటాయి. ఇవి రెండూ ఉంటే కత్తెర పురుగే. లద్దె పురుగుకి అలా నాలుగు చుక్కలుండవు. దానికి ఇష్టమైనవి ఆముదం, వేరుశనగ, మిరప, పొగాకు నారుమళ్లు. పిల్లపురుగులు గుంపుగా గీకి ఆకును జల్లెడాకు చేస్తే అది దాని పనే అయ్యుండొచ్చు.

ఇక పేర్లు. లద్దె పురుగును ఫాబ్రిషియస్ అనే కీటక శాస్త్రవేత్త 1775లోనే వర్ణించాడు. స్పోడోప్టెరా అనే ప్రజాతిని గునే అనే ఫ్రెంచి ఆయన ఏర్పరిచింది 1852లో. ఆ తర్వాత కూడా చాలాకాలం పుస్తకాల్లో లద్దె పురుగు ప్రొడీనియా కింద, కత్తెర పురుగు లాఫిగ్మా కింద నడిచాయి. తర్వాత అన్నింటినీ ఒకే గూటికి చేర్చారు. మీ నాన్నగారి పుస్తకం తప్పేం కాదు, పాతది, అంతే.

ఇప్పుడు ఈ ప్రజాతిలో సుమారు 30 జాతులున్నాయి. లద్దె పురుగు మన దగ్గర్నుంచి ఆగ్నేయాసియా, ఆస్ట్రేలియా, పసిఫిక్ దీవుల దాకా ఉంది. అచ్చం దానిలాగే ఉండే లిట్టొరాలిస్ అనే మరో జాతిది ఆఫ్రికా, మధ్యధరా తీరం. పైకి చూసి ఆ రెంటినీ విడదీయలేక చాలాకాలం ఒకటే అనుకున్నారు. జననాంగాలు కోసి చూస్తే గానీ తేడా తేలదు. కత్తెర పురుగు మాత్రం అమెరికా ఖండాలది. 2016లో ఆఫ్రికాలో బయటపడింది, 2018 మేలో కర్ణాటకలోని శివమొగ్గలో కనిపించింది, ఆ ఏడాదిలోనే తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లకూ వచ్చేసింది. రాత్రికి వంద కిలోమీటర్లు ఎగరగల పురుగుకి చెక్‌పోస్టులేం అడ్డు!

అన్నీ పంట నాశనం చేసేవే అనుకోకండి. పెక్టినికార్నిస్ అనే జాతి చెరువుల్లో అంతరతామరను తింటుంది. ఆ కలుపును అదుపు చేయడానికి దాన్ని థాయ్‌లాండ్ నుంచి ఫ్లోరిడాకు పనిగట్టుకుని తీసుకెళ్లారు.

ప్రశ్న: మా అమ్మాయి అట్లాంటాలో ఉంటుంది. వాళ్ల లాన్‌ను తినేసిన పురుగు ఫొటో పంపింది. అచ్చం మన మొక్కజొన్న పురుగే. ఇక్కణ్ణుంచే వెళ్లిందంటారా?
- ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: లేదండీ, మన మొక్కజొన్న మీది కత్తెర పురుగుకి అదే సొంతూరు. జాన్ ఆబట్ అనే ఆయన, అట్లాంటా ఉన్న ఆ జార్జియా రాష్ట్రంలోనే గీసిన బొమ్మల ఆధారంగా 1797లో జేమ్స్ ఎడ్వర్డ్ స్మిత్ ఈ పురుగుకి పేరు పెట్టారు. గడ్డకట్టే చలికి ఇది బతకదు. చలికాలం దక్షిణ ఫ్లోరిడా, దక్షిణ టెక్సస్‌లలో గడిపి, ఏటా మళ్లీ ఉత్తరానికి, ఒక్కోసారి కెనడా దాకా ఎగురుతుంది. లాన్‌లో వేసింది గరిక రకమైతే టెన్షన్ పడొద్దని చెప్పండి. పురుగు పైన ఆకే తింటుంది, వేరు జోలికి పోదు. నీళ్లు పెడితే మళ్లీ చిగురిస్తుంది.