తోటి విద్యార్థుల వెబ్ డిజైన్, వీడియో ప్రాజెక్టుల మీద నొప్పించకుండా, పనికొచ్చేలా అభిప్రాయం ఎలా రాయాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: మల్టీమీడియా డిప్లొమాలో భాగంగా ఒక్కొక్కరూ ముగ్గురు సహవిద్యార్థుల వెబ్‌సైట్లనూ వీడియోలనూ చూసి అరపేజీ చొప్పున అభిప్రాయం రాసివ్వాలి, "చాలా బాగుంది" అని రాస్తే మాస్టారు ఒప్పుకోవడం లేదు, లోపాలు రాస్తే స్నేహితులు మొహం మాడ్చుకుంటున్నారు. పదేళ్ల కిందట అమీర్‌పేటలోని ఒక శిక్షణ సంస్థలో వెబ్ డిజైన్ నేర్చుకునేటప్పుడు నేనూ ఇదే ఇబ్బంది పడ్డాను. ఇప్పుడు వెబ్‌సైట్లు తయారుచేసే ఉద్యోగంలో ఉంటూ, ఆదివారాలు కొందరు విద్యార్థుల ప్రాజెక్టులు చూస్తుంటాను కాబట్టి ఆ రెండు అనుభవాలనూ కలిపి సమాధానం రాస్తున్నాను.

మీరు తీర్పు చెప్పవలసిన పని లేదు. ఆ పేజీ మీ ఫోన్‌లో, మీ కళ్లకు ఎలా నడిచిందో ఉన్నదున్నట్టు తెలియజేస్తే చాలు, ఎందుకంటే తయారుచేసినవాళ్లు ఎంత ప్రయత్నించినా తమంతట తాము తెలుసుకోలేనిది అదే. ఏ బటన్ ఎక్కడుందో వాళ్లకు ముందే తెలుసు, ఏ వాక్యం తర్వాత ఏది వస్తుందో కంఠతా వచ్చు, అందువల్ల తమ పేజీని కొత్తవాళ్లలా చూడటం వాళ్లవల్ల కాదు. ఈ సంగతి నాకు తెలిసివచ్చింది నేను చేసిన ఒక తప్పు వల్ల.

మా తరగతిలో శనివారాలు ఒకరి తర్వాత ఒకరు తమ పేజీలను ప్రాజెక్టర్ మీద చూపించేవాళ్లం. ఒక అబ్బాయి కడియం దగ్గర తన మేనమామ నడిపే పూలమొక్కల నర్సరీ కోసం సైటు చేశాడు. లేతాకుపచ్చ నేపథ్యం, ముదురాకుపచ్చ శీర్షికలు, తెల్లటి గడుల్లో మొక్కల బొమ్మలు, వాటి కింద ధరలు. నేను వెనక వరుసలోంచి లేచి, "రంగులన్నీ వెలిసిపోయినట్టున్నాయిరా, ఏమీ కనబడటం లేదు, మొత్తం మార్చెయ్" అన్నాను. అందరూ నవ్వారు. పాపం, ఆ రాత్రి కూర్చుని అతను నిజంగానే మొత్తం మార్చేశాడు. నల్లటి నేపథ్యం మీద పసుపు అక్షరాలు పెట్టేసరికి నర్సరీ కాస్తా సినిమా హాలు బయటి బోర్డులా తయారైంది. తర్వాతి వారం అతని ల్యాప్‌టాప్‌లో పాత పేజీ చూస్తే ఎంతో హాయిగా ఉంది. ప్రాజెక్టర్ బల్బు పాతదైపోయిందనీ, ఆ రోజు కిటికీ పరదాలు వెయ్యలేదనీ, వెలిసిపోయినవి అతని రంగులు కావనీ అప్పుడు గానీ నాకు తట్టలేదు.

ఇందులో ఇంకో మెలిక ఉంది. ఆ పాత పేజీలో చిన్నదే అయినా నిజమైన లోపం ఒకటి ఉండేది. ధరలను తెల్లటి గడుల్లో 999999 అనే కోడు ఉన్న లేత బూడిద రంగులో వేశాడు. అక్షరం రంగుకూ దాని వెనకున్న రంగుకూ మధ్య వెలుగు తేడా మామూలు సైజు అక్షరాలకు కనీసం 4.5:1, పెద్ద అక్షరాలకు 3:1 ఉండాలని వెబ్ ప్రమాణాలను రూపొందించే అంతర్జాతీయ సంస్థ డబ్ల్యూ3సీ వాళ్ల మార్గదర్శకాలు చెబుతున్నాయి. తెలుపు మీద ఆ బూడిద రంగుకు వచ్చే నిష్పత్తి మూడు కూడా ఉండదు. దాన్ని కాస్త ముదురైన 767676గా మార్చి ఉంటే నిబంధనకు సరిపోయేది, పేజీ అందం ఏమాత్రం చెడేది కాదు. నేను "వెనక కూర్చున్న నాకు మొక్కల ధరలు చదవడానికి రావడం లేదు, నీ ల్యాప్‌టాప్‌లో కూడా ఇలాగే ఉందా?" అని అడిగి ఉంటే అర నిమిషంలో తేలిపోయే విషయం, నా పెద్ద మాట కింద కప్పబడిపోయింది.

మంచి అభిప్రాయం ఎలా ఉంటుందో కూడా నేను మా బ్యాచ్‌లోనే చూశాను. నా ప్రాజెక్టు పొడుపుకథల సైటు. "అమ్మమ్మ చెప్పిన పొడుపుకథలు" అన్న శీర్షికను సిలికానాంధ్ర విడుదల చేసిన ఫాంట్లలో ఒకటైన రామభద్రలో, పెద్ద సైజులో పెట్టి, దాన్ని చూసుకుని నేనే మురిసిపోతుండేవాణ్ణి. శ్రీకాకుళం నుంచి వచ్చిన ఒక మిత్రుడు సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ఆ పేజీ తెరిచి నాకొక ఫొటో పంపి, దాని కింద ఇలా రాశాడు: "మా అమ్మ ఫోన్‌లో చూశాను. శీర్షిక రెండు వరుసలైంది. పై వరుసలోని మకార వత్తులు కింది వరుసలోని 'పొ' మీద పడ్డాయి. మా అమ్మ 'అమమ' అని చదివి, ఎవరామె అని అడిగింది."

అంతే రాశాడు. ఏ ఫోనో చెప్పాడు, ఏం కనిపించిందో చెప్పాడు, దానివల్ల చదివేవాళ్లకు ఏమైందో చెప్పాడు. ఎలా సరిచేయాలో చెప్పలేదు, అది అతనికి తెలియదు కూడా. నేను ఇంగ్లీషు సైట్ల కోసం రాసుకున్న టెంప్లేటులో ఉన్నట్టే శీర్షికల లైన్ హైట్‌ను, అంటే అక్షరం సైజుతో పోల్చి ఒక్కో వరుసకు ఇచ్చే ఎత్తును, 1 గానే ఉంచేశాను. ఇంగ్లీషు పెద్దక్షరాలకు కింద ఏమీ వేలాడదు కాబట్టి అది సరిపోతుంది. వత్తులు కిందికీ గుడులు, ఏత్వాలు, ఓత్వాలు పైకీ వెళ్లే తెలుగుకు సరిపోదు. 1.6 చేస్తే సమస్య పోయింది. తెలుగు పేజీలను చూసేటప్పుడు ఈ ఒక్క విషయం తప్పక పరీక్షించండి, అదీ వత్తులు ఎక్కువగా ఉన్న పెద్ద శీర్షిక దగ్గర, ఇరుకైన తెర మీద.

అతని నోటులో నేను తర్వాత గమనించినది మరొకటి ఉంది. అందులో "నువ్వు" అన్న మాటే లేదు. "నువ్వు మెనూ సరిగ్గా పెట్టలేదు" అని రాస్తే ఎదుటివాళ్లు సమర్థించుకోవడానికి సిద్ధమవుతారు. "మెనూ ఎక్కడుందో నాకు కనబడలేదు, ముందు లోగో నొక్కి చూశాను, తర్వాత కింది దాకా వెళ్లాను" అని రాస్తే దానికి ఎదురు చెప్పడానికి ఏమీ ఉండదు, ఎందుకంటే మీకు కనబడలేదన్నది నిజం. కనబడటం, వినబడటం, అర్థం కావడం వంటి వాటిని "నాకు" అని మొదలుపెట్టి చెప్పడం మన భాషలో ఎలాగూ సహజం కాబట్టి ప్రత్యేకంగా మర్యాద నటించవలసిన అవసరం కూడా రాదు.

రాయడానికి కూర్చునే ముందు ఒక పని చేయండి. ఆ ప్రాజెక్టును తయారైన కంప్యూటర్లో చూడకండి. మీ ఫోన్‌లోనో మరో కంప్యూటర్లోనో తెరవండి. విద్యార్థుల పేజీల్లో నాకు తరచుగా ఎదురయ్యే లోపం సౌందర్యానికి సంబంధించినది కానే కాదు; బొమ్మల చిరునామా వాళ్ల సొంత కంప్యూటర్ సీ డ్రైవ్‌లోని ఫోల్డరుకు ఇచ్చి ఉంటుంది, అందువల్ల వాళ్లకు అన్నీ కనిపిస్తాయి, మిగతా ప్రపంచానికి ఖాళీ గడులు కనిపిస్తాయి. దీనికి తమ్ముడిలాంటిది ఇంకొకటుంది. ఫైలు పేరులో ఇంగ్లీషు పెద్దక్షరం, కోడులో చిన్నక్షరం ఉంటే విండోస్ పట్టించుకోదు, సైటును అందరికీ అందించే లైనక్స్ సర్వర్ మాత్రం అలాంటి ఫైలే లేదంటుంది. అలాగే హోమ్ పేజీలో శబ్దంతో దానంతటదే మొదలు కావలసిన వీడియో మీ దగ్గర కదలకపోతే, అది ఆ విద్యార్థి తప్పిదమని వెంటనే రాయకండి. 2018 నుంచి క్రోమ్ అలాంటి వీడియోలను చాలావరకు ఆపేస్తోంది. "మా ఫోన్‌లో వీడియో మొదలు కాలేదు, ప్లే బటన్ కూడా కనిపించలేదు" అని రాస్తే అసలు కారణం వాళ్లే వెతుక్కుంటారు.

వీడియో ప్రాజెక్టుల విషయంలో నేను పట్టుబట్టేది ఒకటే: నిమిషం, సెకను రాయండి. "సంగీతం కాస్త ఎక్కువైంది" అన్న వాక్యం ఎడిటింగ్ టైమ్‌లైన్ ముందు కూర్చున్న మనిషికి దాదాపుగా ఏ సాయమూ చేయదు. కొండపల్లి బొమ్మల మీద మూడు నిమిషాల వీడియో తీసిన ఒక విద్యార్థికి నేను రాసినది ఇలా ఉంది: "0:48 నుంచి 1:05 వరకు వేణువు శబ్దంలో మాటలు మునిగిపోయాయి. తెల్ల పొణికి కర్ర అన్నది వినిపించింది, ముక్కలను దేనితో అతికిస్తారో చెప్పిన వాక్యం రెండుసార్లు విన్నా అందలేదు. 1:40 దగ్గర కళాకారుడి పేరు తెర మీద ఉన్న వ్యవధిలో నేను సగమే చదవగలిగాను." చింతగింజల పొడిని రంపపు పొట్టుతో కలిపి చేసే ముద్ద గురించిన ఆ వాక్యమే వీడియో మొత్తానికి ప్రాణం, అదే వినబడలేదు. నేపథ్య శబ్దం మాట కంటే కనీసం 20 డెసిబెల్స్ తక్కువగా ఉండాలన్న సూచన కూడా పైన చెప్పిన మార్గదర్శకాల్లోనే ఉంది, అంటే సంగీతం సుమారు నాలుగో వంతు శబ్దంగా వినిపించాలన్నమాట. అతను వేణువును ఆ పదిహేడు సెకన్ల పాటు తగ్గించాడు, మిగతా చోట్ల అలాగే ఉంచాడు. "సంగీతం ఎక్కువైంది" అని ఊరుకుని ఉంటే వీడియో మొత్తంలో తగ్గించేసి ఉండేవాడు.

మెచ్చుకోలుకు కూడా ఇదే నియమం. "సూపర్" అని రాస్తే వాళ్లకు సంతోషం కలుగుతుందేమో గానీ, ఏది సూపరో తెలియక మరుసటి మార్పులో దాన్నే తీసిపారేసే ప్రమాదం ఉంది. "ధరలను మొక్క ఎత్తు ప్రకారం విడదీయడం వల్ల నాకు కావలసినది వెంటనే దొరికింది" అని రాస్తే ఆ అమరికను ముట్టుకోరు. అయితే లోపం చెప్పేముందు తీపి పూత కోసమని వెతికి వెతికి రాసే పొగడ్తను ఎవరైనా ఇట్టే పట్టేస్తారు. నచ్చినది లేకపోతే ఆ వాక్యం మానెయ్యండి.

ఎప్పుడు చెబుతున్నామన్నది కూడా చూసుకోవాలి. కాగితం మీద గీతలు ఉన్న దశలో పేజీ అమరికనే ప్రశ్నించవచ్చు. ఎల్లుండి సమర్పించవలసిన ప్రాజెక్టుకు "మొత్తం అమరిక మార్చితే బాగుంటుంది" అని రాయడం సాయం అనిపించుకోదు. గంటలో సరిచేయగలిగినవి రాసి, పెద్ద సంగతిని ఫలితాలు వచ్చాక చెప్పండి.

అందరి ముందూ రాయకూడనివి కొన్ని ఉన్నాయి. బొమ్మ మీద వాటర్‌మార్క్ ఇంకా కనిపిస్తున్నా, టెంప్లేటు ఎక్కడిదో మీరు గుర్తుపట్టినా, ముందుగా ఆ మనిషితో విడిగా మాట్లాడండి. చాలామందికి అది తప్పని తెలిసి ఉండదు, తెలిసినవాళ్లకు సరిదిద్దుకోవడానికి ఒక రాత్రి సమయం దొరుకుతుంది. మీరు రాసినది చూసి మాస్టారు మార్కులు వేసే పద్ధతి మీ తరగతిలో ఉంటే ఇది మరీ ముఖ్యం.

ఇక స్నేహం మాట. ఎంత జాగ్రత్తగా రాసినా కొందరు నొచ్చుకుంటారు, ఆ అవకాశం లేకుండా చేయడం నాకైతే చేతకాలేదు. నర్సరీ సైటు చేసిన అబ్బాయికి క్షమాపణ చెప్పడానికి నాకు ఏడాది పట్టింది. అతను నవ్వి వదిలేశాడు గానీ, ఆ తర్వాత ఎన్నడూ తన పేజీ నాకు చూపించలేదు. దానికి భిన్నంగా, ఈ మధ్య పోచంపల్లి చీరలు నేసే తన కుటుంబం కోసం సైటు చేసిన ఒక విద్యార్థినికి నేను మూడు వాక్యాలు పంపాను. "హోమ్ పేజీలో తొమ్మిది ఫొటోలు కలిపి 38 ఎంబీ ఉన్నాయి, మా ఇంటి దగ్గర సిగ్నల్‌లో మొదటి చీర కనిపించేసరికి నిమిషం దాటింది. చీర అంచు ఫొటోను పెద్దది చేసి చూడబోతే నాకు సాధ్యపడలేదు. ఆర్డరు ఫారం కోసం రెండుసార్లు వెతికాను, దొరకలేదు."

ఆమె కెమెరా నుంచి నేరుగా ఎక్కించిన ఫొటోల వెడల్పు తగ్గించి, ఫైలు సైజు తక్కువగా ఉండే వెబ్‌పీ రూపంలోకి మార్చింది, అంచు ఫొటోను నొక్కితే పెద్దదయ్యేలా చేసింది. మూడోది మాత్రం ముట్టుకోలేదు. కారణం అడిగితే, కొనేవాళ్లందరూ మగ్గం మీద ఉన్న చీరను వాట్సాప్‌లో వీడియో తీసి పంపమని అడుగుతారనీ, ఫారం పెడితే దాన్ని తెరిచి చూసే తీరిక ఇంట్లో ఎవరికీ లేదనీ చెప్పి, ఫారం కోసం నేను వెతికిన ఆ చోట ఫోన్ నంబరును పెద్దగా వేసింది.