ఇంటి వర్క్‌షాప్‌కి చవక ఆర్బర్ ప్రెస్ పనికొస్తుందా?

ఐదు వేల లోపు దొరికే ఆర్బర్ ప్రెస్ (చేత్తో పిడి లాగి భాగాల్ని నొక్కి ఎక్కించే యంత్రం) కొనొచ్చా, ఇంకాస్త పెట్టి హైడ్రాలిక్ ప్రెస్ (జాక్ కొట్టి నూనె ఒత్తిడితో నొక్కేది) తీసుకోవాలా అని అడిగారు. ఆర్బర్ ప్రెస్సే కొనండి. అయితే డబ్బా విప్పిన రోజే పని మొదలుపెట్టొద్దు. ఆ ధరకి వచ్చేది సగం చేసి వదిలేసిన యంత్రం.

హైదరాబాద్ మౌలాలిలో మేముండే ఇంటి మెట్ల కింద ఆరడుగుల జాగా ఉంది, అదే నా వర్క్‌షాప్. మొదట్లో బేరింగులన్నీ సుత్తితోనే కొట్టేవాణ్ని. నాలుగు దెబ్బలు పడ్డాయో లేదో పైనున్న ఓనర్ ఆంటీ బాల్కనీలోకి వచ్చి నిలబడేవారు. ఆ టెన్షన్ పడలేక రాణిగంజ్ వెళ్లి ఒక టన్ను ప్రెస్ తెచ్చాను. "హెవీ పీస్ సార్, కళ్లు మూసుకుని తీసుకెళ్లండి" అన్నాడు షాపతను. నేను నిజంగానే కళ్లు మూసుకుని తెచ్చాను.

మొదటి పని మా బావమరిది నీళ్ల మోటార్. షాఫ్ట్ మీదకి 6202 సైజు బేరింగ్ ఎక్కించాలి. పిడి మీద బరువు వేశాను. సగం దాకా దిగి, టక్‌మని ఒక పక్కకి ఒరిగింది. అక్కడ ఆగి ఉంటే బాగుండేది. ఇంకా గట్టిగా నొక్కాను. బేరింగ్ పీకి చూస్తే షాఫ్ట్ మీద గోరు తగులుకునేంత గీత.

ఆ షాఫ్ట్ పట్టుకుని బాలానగర్‌లో ఒక పెద్దాయన లేత్ దగ్గరికి వెళ్లాను. గీత చూసి, "దేంతోని ఎక్కించినవ్?" అన్నాడు. మర్నాడు ప్రెస్‌ని ఆటోలో వేసుకెళ్లాను. పిడి జోలికి పోకుండా ర్యామ్ (పిడి లాగితే కిందికి దిగి నొక్కే ఇనప కడ్డీ) కొస పట్టుకుని అటూ ఇటూ ఊపాడు. టకటకమంది. సందులు కొలిచే ఫీలర్ గేజ్‌లో 0.5 మిల్లీమీటర్ల రేకు ర్యామ్‌కీ బాడీకీ మధ్య సందులోకి సునాయాసంగా దూరింది. "గింత సందుంటే బేరింగ్ సక్కగెట్ల దిగుతది బిడ్డా?" అన్నాడు.

1968 నుంచి సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఉన్నది ఆ బాలానగర్‌లోనే. పక్కన టూల్ డిజైన్ చదువు చెబుతుంటారు, మనకి బజార్లో దొరికేది మాత్రం పోత పోసిన అచ్చు ఇసుక రేణువులు కూడా దులపకుండా వాటి మీదే పచ్చ రంగు పూసిన సరుకు. ఆ రంగేమో రెండు పొరలు!

సరే, ఏం చేశానంటే, ర్యామ్ ముందుండే ప్లేట్ విప్పి, లోపలి రంగంతా గీకి, గరుకుగా ఉన్న అంచుల్ని ఆకురాయితో సాపు చేశాను. సందులో పల్చటి ఇత్తడి పట్టీ పెట్టాను. నాలుగు స్క్రూలూ కొద్దికొద్దిగా బిగిస్తూ, ప్రతిసారీ ర్యామ్‌ని పైనుంచి కిందిదాకా నడిపి చూసి, ఎక్కడా పట్టేయకుండా ఉన్నప్పుడు లాక్ నట్లు వేశాను. ఒక ఆదివారం మొత్తం దీనికే పోయింది. కింద తిరిగే ప్లేట్ కూడా ఊగుతోంది. దళసరి అద్దం మీద ఎమరీ పేపర్ అంటించి, ప్లేట్‌కి మార్కర్‌తో గీతలు గీసి, అన్ని గీతలూ పోయేదాకా రుద్దాను. కాస్ట్ ఐరన్‌లో గ్రాఫైట్ ఉంటుంది కదా, చేతులు రెండు రోజులు నల్లగానే ఉన్నాయి, ఆ చేతులతోనే పెళ్లికి వెళ్లాను. ర్యామ్ కొసని మాత్రం పెద్దాయన లేత్ మీది ఫోర్ జా చక్‌లో (నాలుగు దవడల పట్టులో) పట్టి చదును చేసి, మధ్యలో 10 మిల్లీమీటర్ల రంధ్రం, పక్కనుంచి ఒక గ్రబ్ స్క్రూ (తల లేని బిగింపు స్క్రూ) పెట్టాడు. ఇప్పుడు ఏ పనికి కావలసిన ముక్క దానికి బిగించుకుంటాను. షాఫ్ట్ మీదకి బేరింగ్ ఎక్కించేటప్పుడు లోపలి రింగు మీదే ఒత్తిడి పడేలా పాత సాకెట్ ఒకటి పెడతాను.

టన్ను అన్న మాట చూసి మోసపోవద్దు. నా ప్రెస్ పిడి 40 సెంటీమీటర్లు, పినియన్ (పిడితో తిరిగి ర్యామ్‌ని దించే పళ్ల చక్రం) వ్యాసార్థం 2 సెంటీమీటర్లు, అంటే మనం వేసే బలానికి 20 రెట్లు. టన్ను రావాలంటే పిడి చివర 50 కిలోలు వేయాలి, రాపిడికి పోయేది వేరే. చాలక పిడికి పైపు తొడిగేవాళ్లని చూశాను. పినియన్ పన్ను ఊడొచ్చు, లేదా ఏకంగా బాడీయే పగలొచ్చు. కాస్ట్ ఐరన్ ముందుగా వంగి చెప్పదు.

హైడ్రాలిక్ కూడా వాడాను, ఒక స్నేహితుడి షెడ్డులో. బలం బోలెడు. కానీ బేరింగ్ వంకరగా దిగుతుంటే చేతికేమీ తెలియదు, జాక్ కొడుతూనే ఉంటాం. ఆర్బర్ ప్రెస్‌లో పిడి బరువెక్కగానే చేయి దానంతటదే ఆగుతుంది. ఇంటి పనులకి ఇంతకంటే ఏం కావాలి? కొనేముందు షాపులోనే ర్యామ్ కొస పట్టుకుని ఊపి చూడండి, షాపతను ఎలా చూసినా పట్టించుకోకండి.

ఆంటీ ఇప్పుడు బాల్కనీలోకి రావడం లేదు. మిక్సీ జార్ పట్టుకుని కిందికే వస్తున్నారు, బుష్ మార్చమని.