రాత్రి తొమ్మిదింటి ఫోను

"మాది కల్వకుర్తి. నాకు ముప్పై రెండేళ్లు. 2024 డీఎస్సీలో ఎస్జీటీగా, అంటే ప్రైమరీ టీచరుగా, ఎంపికయ్యాను. అచ్చంపేట అవతల ఒక ఊళ్లో ప్రైమరీ స్కూల్లో పోస్టింగ్. పోను రెండు బస్సులు, రాను రెండు బస్సులు. ఆయనకు ఎరువుల దుకాణం. ఆరేళ్ల బాబు. అత్తమ్మ మాతోనే ఉంటుంది, షుగరుంది. నాలుగున్నరకు లేచి అత్తమ్మకు జొన్నరొట్టె, ఆయనకు అన్నం కూర, బాబుకు డబ్బా అన్నీ చేసి ఏడింటి బస్సు పట్టుకుంటాను. సాయంత్రం ఆరున్నరకు వచ్చి మళ్లీ పొయ్యి ముట్టిస్తాను. ఈ కాలంలో ఆడదంటే ఇల్లు, నౌకరి రెండూ నడుపుకురావాలి కదా మేడం. మా స్టాఫులో అందరూ చేస్తున్నారు. నా వల్లే ఎందుకు కావడం లేదు? మొన్న బస్సులో కళ్లు తిరిగి పడబోయాను. రెండూ సక్కగా సాగేటట్టు ఒక టైంటేబుల్ చెప్పండి. ఎంత పొద్దుగాల లేవమన్నా లేస్తాను."

బిడ్డా,

టైంటేబుల్ నేనియ్యను. నాలుగున్నరకు లేస్తున్నదాన్ని మూడున్నరకు లేవమంటే అది సలహా అనిపించుకోదు, నీ ఒంట్లో మిగిలిన కాస్త సత్తువను కూడా పిండినట్టవుతుంది. నువ్వడిగిన ప్రశ్నకు నా జవాబు ఇంతే.

బస్సులో కళ్లు తిరిగిన సంగతి మాత్రం ఊరికే వదలొద్దు. ఈ వారంలోనే ప్రభుత్వ దవాఖానకు పోయి రక్తపరీక్ష చేయించుకో. హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువుంటే రక్తహీనత కిందే లెక్క. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో సగానికి పైగా మందికి రక్తం తక్కువని తేలింది. అందరికీ వడ్డించి, మిగిలింది గిన్నెకాడ నిలబడి తినే ఆడవాళ్లం మనం. నువ్వు పొద్దున ఏం తిని బస్సెక్కుతున్నావో నీ ఉత్తరంలో ఎక్కడా లేదు. మిగతా అందరి తిండీ ఉంది.

స్టాఫులో అందరూ చేస్తున్నారన్నావు. స్టాఫ్ రూములో ఎవరూ తమకు కళ్లు తిరిగాయని చెప్పుకోరు. నువ్వు చెప్పావా?

పైన వేసింది నీ ఉత్తరంలో కొంత భాగమే. మొత్తం ఉత్తరం నేను రెండుసార్లు చదివాను. రెండోసారి పెన్సిలు పట్టుకొని, అత్తమ్మ అన్న మాటలు, మీ ఆయన అన్న మాటలు, అమ్మ అన్న మాటలు వేరువేరుగా గీతలు పెట్టుకుంటూ చదివాను. మీ ఆయనవి ఒక్కటీ లేవు. అత్తమ్మది ఒకే ఒక్క వాక్యం. మీ అమ్మవి పదకొండు చోట్ల ఉన్నాయి.

ఆ ఒక్క వాక్యం దగ్గరే నేను ఆగిపోయాను. మొన్న వానాకాలంలో నీకు జ్వరమొచ్చినప్పుడు అత్తమ్మ నీ మంచం దగ్గరికొచ్చి, "నువ్వు పండుకో బిడ్డ, పిలగాని డబ్బ నేనే గడ్త" అన్నది. ఉప్మా చేసింది. బాబుకు తల దువ్వి బడికి పంపింది. ఆ రాత్రి ఎప్పటిలాగే తొమ్మిదింటికి మీ అమ్మ ఫోన్ చేసింది. "వంటైందా? అత్త తిన్నదా?" రోజూ అడిగే మాటే. నువ్వు ఉన్నదున్నట్టు చెప్పావు. "అత్తతోని చేపిచ్చుకున్నవా? నౌకరి రాంగనే కొమ్ములొచ్చినయ్ అంటరు. నలుగుర్ల మా మొఖం ఎట్ల చూపియ్యాలె?" అన్నది అమ్మ. తెల్లారి జ్వరంతోనే నాలుగున్నరకు లేచావు. అత్తమ్మ పొయ్యి దగ్గరికొస్తే చేతిలో గరిట గుంజుకున్నావు. ఆ తర్వాత ఆమె వంటింటి వైపు రావడమే మానేసింది, "అలిగినట్టుంది" అని రాశావు.

ఆమె అలగలేదు బిడ్డా, చిన్నబుచ్చుకుంది. చాపిన చేయిని తోసేస్తే ఎవరైనా మళ్లీ చాపడానికి జంకుతారు. ఇది నేను నా బతుకులో తెలుసుకున్న సంగతి. మా అత్తకు డెబ్బై దాటాక నేనామెను ఏ పనీ ముట్టుకోనియ్యలేదు. చిక్కుడుకాయలు వలుస్తానన్నా వద్దన్నాను. ఊరంతా నన్ను మంచి కోడలన్నారు. ఒకరోజు ఆమె నెమ్మదిగా, "నన్ను పక్కకు పెట్టినవ్" అన్నది. ఆమె పోయి ఎన్నో ఏళ్లయింది, ఆ మాట మాత్రం ఇప్పటికీ గుచ్చుకుంటుంది. షుగరున్న మనిషి రొట్టె చేసుకుంటే, నాలుగడుగులు తిరిగితే ఒంటికి మంచే గానీ చెడు జరగదు.

అందుకే అంటున్నాను. నువ్వు "సమాజం", "నలుగురు", "ఈ కాలం ఆడది" అని రాసిన చోటల్లా నాకు మీ అమ్మ గొంతే వినిపించింది. మీ వీధిలో ఎవరో ఫలానా మాటన్నారని నీ ఉత్తరంలో ఎక్కడా లేదు. అత్తమ్మ తప్పుపట్టిందనీ లేదు. రోజూ రాత్రి తొమ్మిదింటికి ఫోనులో పరీక్ష పెట్టేది మీ అమ్మ. డీఎస్సీ రాసి నెగ్గినదానివి, ఆ పరీక్షలో మాత్రం రోజూ తప్పుతున్నావు. నీ అలసటలో సగం దాని వల్లే.

నీ మనసు ఇప్పుడు చివుక్కుమని ఉంటుంది. అమ్మను అంటే ఎవరికైనా అంతే. మీ అమ్మను నేను చెడ్డదనడం లేదు. ఆమె గురించి నువ్వు రాసిన మూడు వాక్యాలు చదివినప్పుడే ఆమె నాకు అర్థమైంది. మీ నాయిన బొంబాయికి పనికి పోతే, చిన్నపిల్లలిద్దరినీ పెట్టుకొని అత్తగారింట్లో తొమ్మిదేళ్లు ఒంటరిగా నెగ్గుకొచ్చింది. పాలమూరులో ఆ బతుకు ఎరగని ఊరుందా? మగడు దూరాన ఉన్న పడుచుదాని మీద ఊరి కళ్లు ఎట్లా ఉంటాయో ఆమెను అడగాలి. బాయికాడ నవ్వితే ఒక మాట, నవ్వకపోతే ఇంకో మాట. ఆ తొమ్మిదేళ్లు ఆమెను కాపాడింది ఒక్కటే, "మాట రాకుండ" బతకడం. ఆమె దగ్గరున్న ఆస్తి అదే, నీకూ అదే ఇచ్చింది. మీ అమ్మకది అక్కరకొచ్చింది. జీతం తెచ్చుకుంటూ, మగడు ఇంట్లోనే ఉండి, అత్త "పండుకో" అంటున్న నీకు అది ఎందుకూ పనికిరాదు, బరువు తప్ప.

మీ అమ్మ కూడా బతుకంతా బయట పనిచేసిందే. నాట్లేసింది, పత్తి ఏరింది, కలుపు తీసింది. ఆడవాళ్లు పనికి పోవడం మన దగ్గర ఈ కాలం సంగతి ఎట్లా అవుతుంది? కూలికి పోయిన ఆడదాన్ని ఏ అత్తగారూ "మేం పంపిస్తున్నాం" అనలేదు. పోకపోతే పొయ్యి వెలగదు, అంతే. నెలకింత అని జీతమొచ్చే నౌకరి దొరికేసరికి మాత్రం "మావాళ్లు పంపిస్తున్నారు" అంటాం. నువ్వూ రాశావు, "మా వాళ్లు నౌకరికి పంపిస్తున్నారు, అదే గొప్ప" అని. నాకు నచ్చని వాక్యం నీ ఉత్తరంలో అదొక్కటే. కొలువు నువ్వు చదివి తెచ్చుకున్నది. ఇంట్లోవాళ్లు పెట్టిన భిక్ష అనుకున్నంత కాలం దాని బాకీ వంటింట్లో తీరుస్తూనే ఉంటావు, అది తీరదు.

మీ ఆయన సంగతి పెద్దగా చెప్పేదేం లేదు. "మంచివాడే, ఒక్క మాట అనడు" అన్నావు. అనకపోవడం మంచిదే, చేయడమూ ఉండాలి. 2024లో కేంద్రం చేసిన సమయ వినియోగ సర్వేలో ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు 289 నిమిషాలు దానికి పెడితే, మగవాళ్లు 88 నిమిషాలు పెట్టారు. అదీ ఇంటిపనిలో చేయి పెట్టే మగవాళ్ల లెక్కే. అసలు ముట్టనివాళ్లు ఆ లెక్కలోనే లేరు. దుకాణం తెరిచేది తొమ్మిదిన్నరకన్నావు కదా. బాబుకు స్నానం చేయించి బడి దగ్గర దింపడం రేపటి నుంచి ఆయన పని. బతిమాలొద్దు, అలగొద్దు. "రేపటి నుంచి బాబును మీరు తయారు చేయండి" అని మామూలుగా చెప్పు. నువ్వెప్పుడూ చెప్పలేదు గనుక ఆయనెప్పుడూ చేయలేదు. ఒప్పుకుంటాడనే నా నమ్మకం.

ఇంకొక సంగతి నువ్వు పోతూ పోతూ ఒక్క వరుసలో రాశావు. తాతల నాటి భూమి తమ్ముడి పేర మార్చేటప్పుడు అమ్మ ఏడిస్తే సంతకం పెట్టానని. "ఒడిబియ్యం పోస్తం గద బిడ్డ, నీకెందుకు భూమి" అన్నదని. మన ఉమ్మడి రాష్ట్రంలో పెళ్లికాని ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా హక్కిస్తూ చట్టం వచ్చింది 1986లో. 2005లో అది దేశమంతటికీ, పెళ్లయిన బిడ్డలకూ వచ్చింది. ఒడిబియ్యం తల్లిగారి ప్రేమ, భూమి నీ హక్కు. ఒకటిచ్చాం గనుక రెండోది అడగొద్దనడం తప్పు. ఇప్పుడు కోర్టుకెక్కమని నేననను. తమ్ముడి మీద ప్రేమతో ఇస్తే అది నీ ఇష్టం. అమ్మ కన్నీళ్లకు జడిసి ఇస్తే ఆ జడుపు అక్కడితో ఆగలేదు, ఇప్పుడు మీ అత్తమ్మ వంటింటి దాకా వచ్చింది.

తల్లి వెనక నిలబడితే ఆడపిల్ల ఎంత దూరం పోగలదో ఉమ్మడి నల్లగొండవాళ్లకు తెలుసు. సాయుధ పోరాటంలో తిరిగి, తర్వాత 1978లో, 1983లో తుంగతుర్తి నుంచి అసెంబ్లీకి పోయిన మల్లు స్వరాజ్యం వెనక తల్లి చొక్కమ్మ ఉంది. అందరు తల్లులకూ ఆ ధైర్యం ఉండదు. మీ అమ్మను అట్లా ఉండమని నేను అడగను. నిన్ను మాత్రం అడుగుతాను. ఆమె భయం ఆమె దగ్గరే ఉండనీ, నువ్వు మోయకు. తల్లిని ప్రేమించడం వేరు, ఆమెకు రోజూ లెక్క అప్పజెప్పడం వేరు. నా మాట కొందరికి కటువుగా ఉంటుందని తెలుసు. అయినా నలభై ఏళ్లుగా ఉత్తరాలు చదువుతున్నదాన్ని. అత్త వల్ల నలిగినవాళ్లెందరో, అత్త ఏమంటుందోనని అమ్మ పెట్టిన భయం వల్ల నలిగినవాళ్లూ అంతమందిని చూశాను.

2023 డిసెంబరు 9 నుంచి మన ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సులో ప్రయాణం ఉచితం చేశారు. నీకు దారిఖర్చు తప్పింది. పొద్దున పూట గరిట పట్టుకునే మనిషిని మాత్రం ప్రభుత్వం పంపలేదు. ఆ మనిషి మీ ఇంట్లోనే ఉంది. ఈ ఆదివారం అత్తమ్మ దగ్గర కూర్చో. క్షమాపణలు, పెద్ద పెద్ద మాటలు వద్దు. పెద్దవాళ్లకు అవి ఇబ్బంది. "అత్తమ్మా, నాకు పొద్దుగాల చేతనైతలేదు, రొట్టెలు నువ్వు చేస్తవా?" అని అడుగు. అడగడంలో ఆమెకు గౌరవముంది. రుచిలో తేడా వస్తే నోరు మూసుకో, పొయ్యి శుభ్రంగా తుడవకపోతే చూడనట్టే ఉండు. ఈ పని ఆమెకు అప్పజెప్పి మళ్లీ వెనకాల నిలబడితే అప్పజెప్పనట్టే. ఆమెకు ఒంట్లో బాగాలేని రోజు పనిమనిషిని పెట్టుకో, లేకుంటే మీ ఆయన అన్నం పెట్టి పచ్చడి వేసుకుంటాడు. పచ్చడి మెతుకులు తిన్నందుకు ఎవరి పరువూ పోలేదు. నువ్వు ఐదున్నరకు లేస్తే చాలు. బస్సెక్కేలోపు కూర్చొని ఒక రొట్టె తిను.

సోమవారం రాత్రి తొమ్మిదింటికి ఫోను వస్తుంది. ఎత్తు. "వంటైందా, అత్త తిన్నదా" అని అమ్మ అడుగుతుంది. అబద్ధమాడకు, సంజాయిషీ ఇయ్యకు. "అత్తమ్మ చేసింది, అందరం తిన్నం" అని చెప్పు. అవతల ఆమె గొంతు లేస్తుంది, కొమ్ముల మాట మళ్లీ వస్తుంది, ఏడుపు కూడా రావచ్చు. ఎదురు వాదించకు, ఫోను పెట్టేయకు. ఆమె చెప్పేదంతా చెప్పనీ. అయిపోయాక, "నువ్వేం వండుకున్నవమ్మా, తిన్నవా?" అని అడుగు. ఇన్నేళ్లలో ఆమెను ఆ మాట ఎవరడిగారో నాకు తెలియదు. నీ రెండు పేజీల ఉత్తరంలో మాత్రం నువ్వు అడిగినట్టు లేదు.