ఎక్స్‌రేలో కనబడని కీళ్ళ వాపును కోయకుండా చూడవచ్చా?

ఎక్స్‌రే బాగుందని చెప్పినా వేళ్ళు వాచే ఉన్నాయనీ, కోయకుండా లోపలి వాపును చూసే పరీక్ష ఏదైనా ఉందా అనీ మీరు అడిగారు. ఉంది, అల్ట్రాసౌండ్. బహుశా మీ ఊళ్ళోనే ఉంది.

మాది పర్లాకిమిడి. మా అమ్మకు తెల్లవారితే గంటసేపు వేళ్ళు ముడుచుకునేవి కావు. ముగ్గుపిండి వేళ్ళ మధ్య నిలవక ముగ్గు మానేసింది, కాఫీ గ్లాసును రెండు అరచేతులతో పట్టుకునేది. ఏడాదిలో మూడుసార్లు ఎక్స్‌రే తీసి, మూడుసార్లూ వయసు మీదికి నెట్టేశారు. కీలు లోపలి పొర ఉబ్బితే ఎక్స్‌రే దాన్ని పట్టుకోలేదు; ఎముక అంచులు తినివేయబడ్డాకే చూపుతుంది, అంటే ఇల్లు కాలాక మసిని ఫొటో తీసినట్లు. 1936లో హద్దు గీసినప్పటి నుంచి మేము ఒడిశావాళ్ళమే అయినా, రోగం ముదిరితే మా దారి విశాఖపట్నానికే కనుక పాతపట్నం, శ్రీకాకుళం మీదుగా అక్కడికి తీసుకువెళ్ళాను.

అక్కడి కీళ్ళ వైద్యురాలు చేసినది గర్భిణులకు చేసే అల్ట్రాసౌండే. లింగనిర్ధారణ చేయబడదన్న బోర్డు చూసి అమ్మ "నాకెందుకురా ఇది" అని సిగ్గుపడింది. చూపుడు వేలి కణుపు మీద జెల్ దట్టంగా వేసి, ప్రోబును, అంటే ఒంటి మీద ఆనించే స్కాన్ పరికరాన్ని, ఆనీ ఆననట్లు పెట్టారు. గట్టిగా నొక్కితే సన్నని రక్తనాళాలు అణిగి, తెర మీద రక్తప్రవాహాన్ని చూపే రంగు మాయమవుతుందట. ఆ రంగును చూపే పవర్ డాప్లర్ వేయగానే ఎముక తెల్లగీతకు పైన, నల్లటి ఉబ్బులో నారింజ చుక్కలు మిణుకుమన్నాయి. వాచిన పొరలో పారుతున్న రక్తం అది. నొప్పే లేదన్న ఉంగరపు వేలిలోనూ రెండు చుక్కలు కనబడ్డాయి.

పెట్ స్కాన్ చేయించమనే బంధువు ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు. అందులో ఎక్కించే చక్కెరవంటి మందును క్యాన్సర్ కణాలే కాక వాపులో పనిచేసే తెల్లకణాలూ పీల్చుకుంటాయి గనుక, పెద్ద రక్తనాళాల వాపును వెతకడానికి అది గొప్పదే. కానీ దానిలోని రేడియోధార్మిక ఫ్లోరిన్-18 ప్రతి 110 నిమిషాలకు సగమైపోతుంది, తెచ్చి దాచుకునే సరుకు కాదు. వేలి కణుపుకు అంత ఆర్భాటం దేనికి? వెన్నెముక అడుగున కటి ఎముకతో కలిసే కీళ్ళలో, ఎముక లోపలి వాపయితే మాత్రం ఎంఆర్‌ఐ తప్పదు, అల్ట్రాసౌండ్ ఎముకను దాటి చూడలేదు.

నా కోపమల్లా ఒక్కటే: థైరాయిడ్ చూసే సన్నప్రోబు మా ఊళ్ళోనూ ఉంది, దానిని వేలి మీద పెట్టినవారు లేరు. మీరు చీటీలో పవర్ డాప్లర్ అని రాయించుకోండి. నొప్పి మాత్రలు వాడుతుంటే ముందే చెప్పండి, వాటివల్ల చుక్కలు తగ్గి కనబడవచ్చు.

కీళ్ళ వాపును అణచడానికి వారానికొకసారి వేసుకునే మెథోట్రెక్సేట్ మాత్ర మొదలుపెట్టిన నాలుగు నెలలకు అమ్మ చూపుడు వేలిలో ఒక్క చుక్క మిగిలింది. ఆ ఒక్కదాని కోసమే మాత్ర ఆపవద్దన్నారు.