ఐపీ ఫోన్లు వచ్చినా 48 వోల్ట్ పవర్ ప్లాంట్ తీసేయకండి

ఆసుపత్రిలో పాత ఈపీఏబీఎక్స్ (లోపలి ఫోన్లను కలిపే చిన్న ఎక్స్ఛేంజ్) తీసేసి ఐపీ ఫోన్లు పెడుతున్నామని, ఫోన్లూ కంప్యూటర్లూ ఒకే నెట్‌వర్క్ మీదికి వస్తున్నాయి కాబట్టి పాత ఫోన్లకు బ్యాటరీలతో కరెంటిచ్చే 48 వోల్ట్ పవర్ ప్లాంట్ అమ్మేసి అన్నీ యూపీఎస్ మీద పెట్టమంటున్నారని, అది సరేనా అని అడిగారు. బ్యాటరీలు బాగుంటే అమ్మకండి. టెలిఫోన్ ఎక్స్ఛేంజీల్లో పవర్ ప్లాంట్ మెయింటెనెన్స్ చేసినవాడిగా చెబుతున్నాను.

ఊరంతా కరెంటు పోయినా పాత ఫోను పలికేదంటే కారణం పెద్ద బ్యాటరీ ఉండటం ఒక్కటే కాదు. రెక్టిఫయర్ (ఏసీ కరెంటును డీసీగా మార్చేది), బ్యాటరీ, లోడ్ (కరెంటు వాడుకునే పరికరాలు) మూడూ ఒకే బస్‌బార్‌కు, అంటే ఒకే లోహపు పట్టీకి, కలిసి ఉంటాయి. రెండు వోల్టుల సెల్స్ 24, ఫ్లోట్‌లో (నిండిన బ్యాటరీని నిండుగానే ఉంచే ఛార్జింగ్‌లో) సెల్‌కు 2.25 చొప్పున 54 వోల్టులు. కరెంటు పోయిన క్షణాన మారాల్సిన స్విచ్ అంటూ ఏదీ లేదు, లోడ్ అప్పటికే బ్యాటరీ మీద ఉంది. ఒక రెక్టిఫయర్ మాడ్యూల్ కాలిపోయినా మిగతావి మోస్తాయి.

యూపీఎస్‌లో బ్యాటరీకీ లోడ్‌కూ మధ్య డీసీని ఏసీగా మార్చే ఇన్వర్టర్ కూర్చుంటుంది. కరెంటు ఉన్నప్పుడు అది చెడితే బైపాస్ (మెయిన్ కరెంటును నేరుగా లోడ్‌కు ఇచ్చే దారి) ఆదుకుంటుంది. కరెంటు లేనప్పుడు చెడితే మాత్రం నిండు బ్యాటరీ ఉండి కూడా ఫోన్లన్నీ మూగబోతాయి. ఒక నర్సింగ్ హోమ్‌లో ఇది కళ్లారా చూశాను. ఐసీయూ నుంచి కింద ఫార్మసీకి మనిషిని పరిగెత్తించారు. ఆసుపత్రి అన్నారు కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఇక ఐపీ ఫోన్లకు కరెంటు, నెట్‌వర్క్ స్విచ్ (ఫోన్లనూ కంప్యూటర్లనూ కలిపే పెట్టె) నుంచి ఈథర్నెట్ కేబుల్లోనే వెళ్తుంది. దాన్నే పీఓఈ అంటారు. 2003 నాటి ఐఈఈఈ 802.3 ఏఎఫ్ ప్రమాణం ప్రకారం పోర్టు (స్విచ్‌లో కేబుల్ పెట్టే చోటు) దగ్గర 15.4 వాట్లు, ఫోను చేరేసరికి 12.95. మామూలు డెస్క్ ఫోన్లు ఇందులో సగం కూడా తినవు. పోర్టులో ఉండాల్సింది 44 నుంచి 57 వోల్టులు. మన ప్లాంటుకు దగ్గరి సంఖ్యే కదా అని బస్‌బార్ నుంచి నేరుగా కలపాలనిపిస్తుంది. అలా ఎప్పుడూ చేయకండి. మన ప్లాంటులో పాజిటివ్ వైపు ఎర్త్‌కు కలిపి ఉంటుంది, పీఓఈ పోర్టులు మాత్రం ఎర్త్ నుంచి విడిగా ఉండాలి. పైగా బ్యాటరీ దిగుతూ దిగుతూ 44 కంటే కిందికి వస్తే ఫోన్లు ఒక్కొక్కటిగా రాలిపోతాయి. డీసీ సప్లై ఉన్న పీఓఈ స్విచ్ తీసుకుంటే లోపలి ఐసొలేటెడ్ కన్వర్టర్ ఎర్త్ నుంచి విడదీయడం, వోల్టేజీ నిలబెట్టడం రెండూ చూసుకుంటుంది. కొటేషన్‌లో "48 వోల్ట్ డీసీ ఇన్‌పుట్" అని రాయించుకోండి. చాలా కంపెనీల్లో దొరుకుతుంది, కాకపోతే అడిగితేనే ఇస్తారు.

లెక్క చూడండి. స్విచ్‌లు, ఫోన్లు కలిపి బ్యాటరీ నుంచి 600 వాట్లు లాగితే 12.5 ఆంపియర్లు. 200 ఏహెచ్ (ఆంపియర్ అవర్) బ్యాటరీ బ్యాంకులో 80 శాతమే వాడినా 12 గంటలు దాటుతుంది. సెల్స్ పాతబడి ఉంటే ఇంత రాదు, కాబట్టి ముందు ఒక డిశ్చార్జ్ టెస్ట్ (బ్యాటరీని ఖాళీ చేస్తూ ఎంతసేపు వస్తుందో చూసే పరీక్ష) చేయించండి. ఇదే బ్యాటరీని ఇన్వర్టర్‌తో 230 వోల్టులు చేసి, స్విచ్‌లో మళ్లీ డీసీ చేస్తే, ఒక్కో మెట్టు దగ్గర పది శాతం పోయిందనుకున్నా చివరికి మిగిలేది 81 శాతమే. ఆ పోయినదంతా ఆ గదిలోనే వేడి అవుతుంది. ఏసీ కరెంటు తప్ప ఇంకేదీ తీసుకోని సర్వర్లుంటే వాటి మట్టుకు చిన్న ఇన్వర్టర్ పెట్టుకోండి, తప్పులేదు.

వైరింగ్ చేసే ఎలక్ట్రీషియన్ ఇంట్లో వాడే ఎంసీబీలు (లోడ్ ఎక్కువైతే ట్రిప్ అయ్యే స్విచ్‌లు) తెస్తాడు, ఒప్పుకోకండి. సర్క్యూట్ తెగేటప్పుడు వచ్చే డీసీ ఆర్క్ (నిప్పు మెరుపు) అంత తేలిగ్గా ఆరదు, డీసీ రేటింగ్ ఉన్నవే కావాలి.

అన్నిటికంటే ఎక్కువగా మరిచిపోయేది ఫైబర్ లోపలికొచ్చే చోటు. పాత రాగి తీగ ఎక్స్ఛేంజ్ బ్యాటరీని మీ గోడదాకా మోసుకొచ్చేది, గాజు తీగ కరెంటు మోయదు. ఓఎన్‌టీ (ఫైబర్ చివర ఉండే పెట్టె), రౌటర్ ఏ మూలనో మామూలు ప్లగ్గులో ఉంటే కరెంటు పోగానే ఫోన్లు వెలుగుతూనే ఉంటాయి, అంబులెన్స్‌కు మాత్రం కాల్ వెళ్లదు. ఓఎన్‌టీ 12 వోల్టులదైతే 48 నుంచి 12కు దించే డీసీ కన్వర్టర్ ఒకటి పెట్టి దాన్నీ ఇదే బ్యాంకు మీదికి తెండి. పని పూర్తయ్యాక ఒక ఆదివారం మెయిన్ ఆపి, జనరేటర్ కూడా ఆపి, ప్రతి వార్డు నుంచీ బయటి నంబరుకు ఫోన్ చేయించి చూడండి. బిల్లు ఆ తర్వాతే చెల్లించండి.