ఆ మూల ముక్క ఎలా వచ్చిందో అడుగు

చెల్లెమ్మా,

నీ స్క్రిప్టు, దాంతోపాటు పంపిన ఇంటర్వ్యూల రాతప్రతి రెండూ చదివాను. యువ రైతుల మీద తీస్తున్న డాక్యుమెంటరీకి రాసే అవకాశం నీకు వచ్చిందని తెలిసి చాలా సంతోషం వేసింది. ముందు ఇంటర్వ్యూలు చదివి, ఆ తర్వాత స్క్రిప్టు పట్టుకున్నాను. ఇంటర్వ్యూల్లో మాట్లాడిన మనుషులు స్క్రిప్టులో ఎంత వెతికినా దొరకలేదు. అందుకే ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను.

పదకొండు పేజీల్లో 'అన్నదాత' తొమ్మిది చోట్ల ఉంది. 'మట్టి వాసన' నాలుగు చోట్ల. నువ్వు మాట్లాడిన ఐదుగురిలో ఒక్కరు కూడా ఆ మాటలు అనలేదు. అప్పు వాయిదా అన్నారు, మోటారు కాలిపోయిందన్నారు, నాన్న వినడన్నారు. ఆ చివరి మాట దగ్గర నేను పెన్ను పెట్టి గీత గీశాను. ఐదుగురిలో నలుగురు ఏదో ఒక రకంగా ఆ మాటే చెప్పారు. నీ సినిమా అక్కడుంది.

పాతికేళ్ళ రైతుకీ అరవై ఏళ్ళ రైతుకీ తేడా ఎక్కడొస్తుంది? వాన ఇద్దరికీ ఒకటే, మార్కెట్ ధర ఒకటే. కానీ ఏ పంట వేయాలి, ఎప్పుడు అమ్మాలి, అప్పు చేయాలా వద్దా అన్నవి చాలా ఇళ్ళలో చిన్నవాళ్ళ చేతిలో ఉండవు. భూమి పెద్దవాళ్ళ పేరున ఉంటుంది. తన పేరున కాగితం లేకపోతే అప్పు పుట్టడం కష్టం. చాకిరీ ఒకరిది, సంతకం ఇంకొకరిది. యూరోపియన్ యూనియన్ పథకాల్లో నలభై ఏళ్ళ దాకా 'యువ రైతు' కిందే లెక్క. అయినా 2020 లెక్కల్లో అక్కడ పొలం నడిపేవాళ్ళలో నలభై లోపువాళ్ళు 12 శాతం దాకానే తేలారు. అమెరికాలో 2022 వ్యవసాయ గణన ప్రకారం రైతుల సగటు వయసు 58.1 ఏళ్ళు. ఈ అంకెలు చూడగానే 'యువత పొలం వదిలి పోతోంది' అని రాసేస్తాం. అందులో నిజం లేకపోలేదు. అయితే ఆ రెండు లెక్కలూ పొలం గురించి నిర్ణయాలు తీసుకునేవాళ్ళవి. పొద్దంతా పొలంలోనే ఉండి, ఇంట్లో మాట చెల్లని కొడుకులూ కూతుళ్ళూ ఆ లెక్కలోకి ఎంతమంది వచ్చుంటారు? నువ్వు కెమెరా పెట్టాల్సింది వాళ్ళ మీద.

ఇది నాకు ఆలస్యంగా తెలిసింది. ఎలా తెలిసిందో చెప్తాను.

చాలా ఏళ్ళ కిందట ఇలాంటి సినిమాకే వ్యాఖ్యానం రాశాను. అందులో ఒక షాట్ ఉంది. ఒక కుర్రాడు బకెట్లో మందు కలుపుతున్నాడు. సీసా వంచబోయి చెయ్యి ఆపాడు. తల తిప్పి గట్టు మీద నిలబడిన తండ్రి వైపు చూశాడు. తండ్రి తలూపాడు. కుర్రాడు మందు పోసి, పుల్లతో తిప్పి, ట్యాంకు వీపుకెత్తుకున్నాడు. అంతా కలిపి పది సెకన్లు ఉంటుందేమో. దాని మీద నేను 'తరాల అనుభవానికి తల వంచిన యువతరం' అని మొదలుపెట్టి నాలుగు వాక్యాలు పరిచాను. అందరూ బాగుందన్నారు. సినిమా వేసిన రోజు ఆ కుర్రాడు నా దగ్గరికొచ్చి, "సార్, ఆరోజు నేను మందు కొట్టొద్దన్నాను. అది పెట్టలేదేంటి?" అన్నాడు. మొక్కలకు పేనుబంక పట్టిందట. దాన్ని తినే అక్షింతల పురుగులు అప్పటికే ఆకుల మీద తిరుగుతున్నాయట. నాలుగు రోజులు ఆగుదాం, మందు కొడితే అవీ చస్తాయని వాడు, అన్ని రోజులు ఆగితే పంట చేతికి రాదని తండ్రి. తెల్లవారుజాము నుంచీ అదే గొడవ. వాడు తల తిప్పి చూసింది చివరిసారి అడగడానికి. నేను అది గౌరవమనుకుని రాసేశాను.

ఒక్క ప్రశ్న అడిగి ఉంటే తెలిసేది. ఎందుకు ఆగావు అని అడగాలని నాకు తోచలేదు. తండ్రిది కూడా తప్పని నేననను, అంతకుముందు ఏడాది నష్టపోయిన మనిషి ఆయన. ఆ ఇద్దరి భయాలూ ఆ పది సెకన్లలో ఉన్నాయి. వాటి మీద నా మాటలు కప్పేశాను. ఇప్పటికీ ఆ షాట్ గుర్తొస్తే బాధేస్తుంది.

వీలైతే జార్జ్ రూకియే 1946లో విడుదల చేసిన 'ఫారెబిక్' చూడు. ఫ్రాన్సులో తన బంధువుల పొలంలో ఏడాది పొడుగునా తీశాడు. ఋతువులు మారడం, పంట కోతలు అన్నీ ఉంటాయి. వాటి మధ్య ఆ ఇంటివాళ్ళు ఇంటికి కరెంటు పెట్టించాలా వద్దా, పాత ఇల్లు బాగుచేయాలా వద్దా అని తర్జనభర్జన పడుతుంటారు. పెద్దాయన తర్వాత పొలం ఎవరికన్నదీ వస్తుంది. దాదాపు నలభై ఏళ్ళకు రూకియే మళ్ళీ అక్కడికే వెళ్ళి 1983లో 'బిక్‌ఫార్' తీశాడు. ఈసారి పక్కనున్న చిన్న పొలం అమ్మకానికి వస్తుంది, ఎవరు కొంటారన్నదే కథ. ఆ ఇంట్లో జరిగే మాటల్లోనే వ్యవసాయం ఎంత మారిందో నీకు తెలిసిపోతుంది.

అందం కోసం ఎవరి చేతా ఏదీ చేయించకు. డాక్యుమెంటరీ దర్శకుడు రాబర్ట్ ఫ్లాహెర్టీ 1934 నాటి 'మ్యాన్ ఆఫ్ ఆరన్' కోసం ఐర్లండ్ దగ్గరి ఆరన్ దీవుల్లో వాళ్ళ చేత సొరచేపల వేట చేయించాడు. ఆ వేట వాళ్ళు మానేసి దశాబ్దాలైంది, మళ్ళీ నేర్చుకోవాల్సి వచ్చింది. తెర మీద అద్భుతంగా ఉంటుంది, కానీ అది వాళ్ళ బతుకు కాదు. నీ స్క్రిప్టులో ట్రాక్టర్ ఉన్న కుర్రాడి చేత నాగలి పట్టించాలని రాశావు. అది కొట్టెయ్. అతను ట్రాక్టర్ సీట్లో కూర్చుని ఫోన్లో వాన కబురు మూడుసార్లు చూసుకున్నాడని నీ నోట్సులోనే ఉంది, అది చాలు.

ఇంటర్వ్యూ మాట కొంచెం. కుర్చీ వేసి కూర్చోబెట్టి 'మీ కల ఏంటి' అని అడిగితే ఎవరైనా స్టేజీ మీద మాట్లాడినట్టే మాట్లాడతారు. పనిలో ఉన్నప్పుడు, చేతులు ఆడుతున్నప్పుడు అడుగు. నిన్న ఇంట్లో దేని గురించి మాట్లాడుకున్నారు, ఈసారి ఏం వేయాలనుకున్నారు, చివరికి ఏం వేశారు అని అడుగు. ఆ రెండింటికీ మధ్య ఏం జరిగిందో వాళ్ళే చెప్పుకొస్తారు. తండ్రినీ అడుగు. తల్లిని తప్పకుండా అడుగు, గొడవ మొత్తం విన్నది ఆవిడే. అప్పుల సంగతి బయటపడితే మాత్రం ఎడిటింగ్ అయ్యాక ఆ ముక్క ఇంటిల్లిపాదికీ చూపించు. వద్దంటే తీసెయ్. నువ్వు వెళ్ళిపోయాక కూడా వాళ్ళు అదే ఊళ్ళో, అదే ఇంట్లో కలిసి బతకాలి.

వ్యాఖ్యానం ఇప్పుడే రాయకు. ఫుటేజ్ అంతా కూర్చాక, మాట లేకుండా ఒకసారి చూసి, ఎక్కడ నీకే అర్థం కాలేదో అక్కడ మాత్రం ఒక వాక్యం రాయి. పదకొండు పేజీలు రెండు పేజీలైతే టెన్షన్ పడకు.

ఇక చివరగా ఒకటి. నీ మూడో ఇంటర్వ్యూలో ఆ అమ్మాయి "ఈసారి ఆ మూల ముక్క నాకొదిలారు" అని నవ్వింది. నువ్వు వెంటనే ఎరువుల గురించి అడిగావు. స్క్రిప్టులో అక్కడ సూర్యోదయం వేశావు. వచ్చే వారం వెళ్తున్నావు కదా, మొదటిరోజు కెమెరా బ్యాగులోంచి తీయకుండా ఆ మూల ముక్క దాకా తనతో నడిచి వెళ్ళు. దాన్ని ఎవరు వదిలారు, ఎన్నాళ్ళు అడిగితే వదిలారు, అందులో తను ఏం వేసింది? తెలిశాక నాకు రాయి.

ఆశీస్సులతో,
అన్నయ్య